కాటమ్మ పట్టిన కొస

ఏందిర బిడ్డా, నడుముకు ఆ పట్టీ? బెల్టా? మిల్లోళ్లు ఇచ్చిన్రా? బస్తాలెత్తితే నడుము వట్టకుండనా? హహ్హ... జర కూసో. బెల్టు సంగతి నన్నడుగు. మా సైదయ్య ఉండె, సూర్యాపేట గంజిల, గదే ధాన్యం మార్కెట్ల, నాతోని బస్తాలు మోసెటోడు. మా ఎదురింటోడే. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు ముచ్చట. గప్పుడు మాకు బెల్టులెక్కడియి? పాత చీరె నడుముకు సుట్టుకునుడే. ఒక్కనితోని అయ్యే పని గాదది, ఇంకొకలు కొస వట్టి బిర్రుగ గుంజాలె. సైదయ్యకు పెండ్లాం కాటమ్మ వట్టేది. పొద్దుగాల్నే వాకిట్ల ఆమె కొస వట్టి నిలవడితే, వీడు గిర్రగిర్ర తిరుగుకుంట ఏడు సుట్లు సుట్టుకొని పోయి ఆమె మీద పడేటోడు. "ఎద్దోలె మీద పడతవేంది, కండ్లు లేవా!" అని రోజు తిట్టేది. రోజు వాడు పడేటోడు. మా గల్లీ అంత ఆ తిట్టుకే లేసేది.

ఇగ ఒకనాడు కోదాడ దిక్కు పోయే మిలిటరీ లారీ గంజికాడ ఆగింది. సైదయ్య ఒక జవాను దగ్గర తోలుబెల్టు తీసుకున్నడు. ఊరికె గాదు, కాటమ్మ గుడ్లు పెట్టే కోడిని ఇచ్చి! జానెడు ఎడల్పు, ఇత్తడి బిళ్ల. తెల్లారి, "ఏమే, ఇగ నువ్వు వట్టుడు అక్కర్లేదు" అన్నడు. "కోడిని ఇచ్చినవ్ సరే, నన్నెప్పుడు ఇస్తవ్?" అన్నది. వీడేమో దొర లెక్క! ఇంతకుముందు మోకాళ్లు వంచి, బస్తా ఒంటికి దగ్గర తీసుకొని లేసెటోడా, ఇగ కాళ్లు గుంజల లెక్క నిలవెట్టి నడుమొక్కటే వంచుడు. "అరె సైదిగా, గట్ల గాదురా" అంటే, "మోసేది బెల్టు, నీకేం నొప్పి?" అనెటోడు. ఒక్క బస్తా మోసెటోడు రెండెత్తిండు. నొప్పి పుడితే ఇంకో బొక్క బిగించెటోడు. ఆఖరికి బెల్టు ఇప్పితే బిందెడు నీళ్లు ఎత్తరాకపాయె. రాత్రి పండినా బెల్టే! నడుము గూడ సోమరి అయితదిరా. బెల్టు ఉన్నది గదా అని అదీ పంటది.

ఇగ ఒకనాడు బస్తాకు వంగిండు, కటుక్కుమన్నది. వంగినోడు వంగినట్లే! మొఖం నేలకు, ముడ్డి మొగులుకు. దుకాణం సేటొచ్చి, "ఏం పడ్డదిరా, ఏం దేవులాడుతున్నవ్?" అన్నడు. బెల్టు ఇప్పుదమంటే బిళ్ల కడుపుల ఇరికింది. కొయ్యబోతే, "కొయ్యకున్రి, కోడినిచ్చిన!" అని ఏడ్సుడు. కాటమ్మ కొడవలి వట్టుకొని ఉరికొచ్చింది. "నా కోడి, నేనే కోస్త" అని సర్రున కోసింది. మూన్నెల్లు ఆముదం రాసింది, తనే కూలికి పోయి గంజి పోసింది. వాడు మల్ల మోస్తడో లేదో, ఆ ఇల్లు ఎట్ల గడుస్తదో అని మా అందరికి గుబులే. లేసినంక అర బస్తాతోని షురూ చేయించింది. కొస మల్ల ఆమె చేతులకే వచ్చింది. మల్ల అవే తిట్లు.

గట్ల ఇంకో పన్నెండేండ్లు మోసిండు. కాటమ్మ జరమొచ్చి పోయింది. దినాలైన తెల్లారి వాకిట్ల నిలవడి, అలవాటు గదా, "ఏమే, కొస పట్టు" అన్నడు. నాకు పానం ఆగలె, ఉరికి పట్టుకున్న. తిరిగిండు. ఏడో సుట్టుకు వచ్చి నా మీద పడ్డడు. పడి, తిట్టు కోసం ఆగిండు. నేనేం తిడత బిడ్డా? జరసేపటికి తలెత్తి సూసి, "నువ్వారా" అన్నడు. ఉల్టా తిరిగి సుట్టిన చీరెనంత ఇప్పేసిండు. ఇగ బస్తా ముట్టలె.

...ఆఁ, ఇయ్యాల ఏం కూర ఒండిన్రు?