జారిపోయే లాకు

పోర్టు గేటు బయట టీ బడ్డీ. గోడౌన్ మేస్త్రీ కుడిచేతికి కట్టు ఉంది. బేలు మూటకు కట్టిన తాడు కోస్తుంటే కంపెనీ ఇచ్చిన మడత చాకు వేళ్ల మీదే మూసుకుపోయింది. విచారణలో కంపెనీ చాకుని వదిలేసి మనిషిని తప్పుపట్టింది, పనిలోంచి తీసేసింది. అతని పక్కన కూర్చున్న తోటి కళాసీ జేబులోంచి కొత్త చాకు తీశాడు.

"ఇది నీకే బావా. బ్యాక్ లాకు. పిడి ఈపు మీద నొక్కితేగానీ మడతడదు."

"పాతదానికీ లాకుంది కదేటి?"

"అది లైనర్ లాకు. లోపల పల్చటి రేకొచ్చి బ్లేడుకి అడ్డంగా నిలబడతాది, అంతే. వాడగా వాడగా ఆ రేకు అరిగిపోతాది. తాడులో ఇరుక్కున్నప్పుడు మెలి తిప్పేవా, జారిపోతాది."

"లాకు సరిగ్గా పడినా?"

"పడినా అంతే. నా సేతిలో సాకూ ఓసారి జారింది. మన షెడ్డులో అన్నీ అలాంటివే."

మేస్త్రీ గ్లాసు కింద పెట్టేశాడు.

"మరి నాను లాకెయ్యకుండా కోసేనని సెప్పేవేటి, విచారణలో?"

"టీ సల్లారిపోతాది, తాగు బావా."

"ఆ రోజు పక్కనున్నోడివి నువ్వొక్కడివే. రేపు ఆఫీసుకి రా. ఇప్పుడు నాకు సెప్పిందే ఆళ్లకీ సెప్పు. నా పని నాకొస్తాది."

"రాలేను బావా."

"ఎందుకూ?"

"నీ జాగాలో... నన్నే మేస్త్రీగా ఏసేరు."

మేస్త్రీ కొత్త చాకు అందుకుని తెరిచి, వీపు నొక్కి మూశాడు. మంచి లాకే. దాన్ని తిరిగి కళాసీ జేబులో దోపాడు.

"నువ్వే ఉంచుకో. ఆ షెడ్డులో ఇంకా తాళ్లు కొయ్యాల్సినోడివి నువ్వే."