గాలిమరను తిప్పిన నోరు

"కూర్చోరా వెండెలిన్, ఇంటికెళ్లి చేసేదేముంది! ఈ నోరు చూశావా? పక్షవాతమొచ్చి వంకరపోతే, డాక్టరు 'ఈయనకిక మాట రాదు' అన్నాడే, ఆ నోరే ఇది. మాటలు నేర్పే అమ్మాయొచ్చి, 'ఎగ్బర్ట్ గారూ, ష్ట్రుంఫ్ అనండి' అంది. మేజోడే కానీ, మాటంతటికీ అచ్చు ఒక్కటే, ముందూ వెనకా హల్లుల కాపలా! నేను ఠక్కున అనేశాను" అన్నాను నేను.

"ఠక్కున?" అన్నాడు వెండెలిన్.

"మరి? ఆ పిల్ల ఇంకా పెద్ద మాట ఇచ్చింది. ఆంగ్‌స్ట్‌ష్వైస్, అంటే భయంతో పట్టే చెమట. మన జర్మన్లు మాటకి మాట అతికిస్తే మధ్యలో చిటికెడు అచ్చయినా చల్లరు కదా! నేను అన్నానో లేదో, పక్క మంచం ముసలాయనకి దుప్పటి తడిసిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పకుండా ఉండగలవా నువ్వు!" అంది బీరు తెచ్చిన హెడ్విగ్. ఈ సారాయి కొట్టు ఆవిడదే.

"హెర్బ్‌స్ట్‌ష్టుర్మ్ అన్నాను. ఆకురాలే కాలపు తుఫాను! రెండు మాటలూ అతుక్కునే చోట ఎవడి నాలుకైనా మడతపడాలి, నాది పడలేదు. కిటికీలు టపటపలాడాయి, ఎన్నడో ఆగిన గాలిమర గిర్రున తిరిగింది, హాంబుర్గ్ రేవులో ఓడలు లంగర్లు తెంచుకుని నార్వేలో తేలాయి. ఇంధనం మిగిలిందని కెప్టెన్లు నాకు దణ్ణం పెట్టారు!"

హెడ్విగ్ నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఆ గాలంతా నువ్వు ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన రోజు ఎక్కడికి పోయిందయ్యా? అందరూ గ్లాసులు తాకించి ప్రోస్ట్ అనుకుంటేగానీ ఈ బల్ల దగ్గర ఎవరూ గుక్క తాగరు. నీకు ఆ ముక్కే రాలేదు. నీ నేస్తాలంతా గ్లాసులెత్తి పట్టుకునే ఉన్నారు, నురగంతా చచ్చింది. 'తాగండ్రా' అంటే ఈ వెండెలినే నన్ను కసిరాడు. చివరికి నువ్వు 'పెరోస్ట్' అన్నావు. వీళ్లూ 'పెరోస్ట్' అన్నారు. నీ నోరు తిరిగేదాకా, చలికాలమంతా అలాగే అన్నారు."

ఆ రోజు ఎవడైనా నవ్వి ఉంటే ఈ గుమ్మం మళ్లీ తొక్కేవాణ్ణి కాదు.

"ఇంకా ఉన్నాయా కోతలు, తాగమంటావా?" అన్నాడు వెండెలిన్ గ్లాసెత్తి.

"మీ వల్లే ఇక్కడ కూర్చున్నానురా" అన్నాను. ఇందులో మాత్రం కోత లేదు.