వేడి దుప్పట్ల కారు

ఏంటీ, నన్నూ రమ్మంటావా? కొనేది నువ్వు, నడిపేది నువ్వు, మధ్యలో ఈ తాతెందుకే అమ్మడూ? కొత్తదానిలాగే ఉందన్నావు, పెట్రోలుదన్నావు, చిన్న కారే, రోజూ ఆఫీసుకి తిరగడానికన్నావు. ఇంకేం కావాలి? టైర్లు చూశావా? బానెట్ ఎత్తావా? సరే, అదీ అయింది. నడిపి చూశావా మరి? వీధి చివరిదాకానా! మీ నాయనమ్మ ఉంటే నెత్తిమీద ఒక్క మొట్టికాయ వేసేది. "వీధి చివరికి పోవడానికి కారెందుకే, కాళ్లు లేవా?" అనేది. ఆవిడ బేరం చేసిన కారు సంగతి నీకు చెప్పలేదూ? మీ నాన్నకీ సరిగ్గా తెలీదులే, వాడప్పుడు ఇస్త్రీ బల్ల కింద దూరి ఆడుకునేవాడు. కూర్చో. ఆ కారు అమ్మే ఆయన రావడానికి ఇంకా టైముందన్నావుగా.

మీ నాయనమ్మని వీధంతా తొందరమ్మ అనేవాళ్లు. కాఫీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునే మనిషి. ఇదిగో ఈ వెనక గదిలోనే లాడ్జీల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి తోపుడు బండి మీద పంపేది. ఆ ఏడు వాన వదల్లేదు. ఎంత కప్పినా, బండి అక్కడికి చేరేసరికి దుప్పట్లు మళ్లీ తడే. మెట్ట మీది పెద్ద లాడ్జీ మేనేజరు ముక్కుతో మాట్లాడేవాడు. "ఇంకొక్కసారి తడి దుప్పటి వచ్చిందా, వేరేవాళ్లకి ఇచ్చేస్తానమ్మా" అన్నాడు. ఆ లాడ్జీ పోతే వెనక గదికి తాళం వేసుకోవడమే. అందుకే కారు చూడ్డం మొదలుపెట్టాం. ఎవరో చెప్తే ఆ కళ్లద్దాలావిడ ఇంటికెళ్లాం. ఆవిడ పేరు... ఏదో ఉండేదిలే, మాకెప్పుడూ కళ్లద్దాలావిడే. కారు నిగనిగలాడుతోంది, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు. వాళ్లాయన ముచ్చటపడి కొన్నాడట, ఆ కవర్లు తియ్యకముందే పోయాడట. మీకు నడపడం రాదా అని అడిగాను, ఊరుకోక. "వచ్చండీ. పోవడానికే చోటంటూ లేదు" అంది. పాలు అయిపోయాయన్నంత మామూలుగా చెప్పింది.

మీ నాయనమ్మ బానెట్ ఎత్తలేదు, టైరు తన్నలేదు. "రోజూ తిరిగే కారుని రోజులాగే తిప్పి చూడాలి. మీరూ ఎక్కండి, తర్వాత ఏదైనా చప్పుడొచ్చి, మాకు తెలీదంటే నేనూరుకోను" అంది. నడపడం అప్పటికే నేర్చేసుకుందిలే; కారుని తనే మన గుమ్మం ముందుకి తెచ్చి, అప్పుడే ఇస్త్రీ దిగిన దుప్పట్లు డిక్కీ నిండా సర్దింది. మిగిలినవి వెనక సీట్లో, వాటి మధ్య నేను. కదిలితే చాలు, కింద కవరు చిటపటమనేది. ఆఖరి మూట ఎక్కడా పట్టక, తీసి ముందు కూర్చున్న కళ్లద్దాలావిడ ఒళ్లో పెట్టింది. "పట్టుకోండి, మడత నలిగితే ఒప్పుకోను." బయట వాన, అద్దాలన్నీ మూసే ఉన్నాయి. లోపల దుప్పట్ల వేడికి అన్నీ మసకబారాయి. ఎలా చెప్పను... రోడ్డు లేదు, ఊరు లేదు, తెల్లగా ఏదో. మీ నాయనమ్మ గుడ్డతో ముందు అద్దం తుడుస్తుంది, కాసేపు ఓ గొడుగు, ఓ స్తంభం కనిపిస్తాయి, మళ్లీ కరిగిపోతాయి. సబ్బు వాసన, ఇస్త్రీ వాసన. ఇంజను చప్పుడు కూడా ఎక్కడో పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. ఒక లాడ్జీలో దింపాం, రెండోదాంట్లో దింపాం. ఇక మెట్ట ఎక్కుతున్నాం, ముందుకి తొంగిచూస్తే కళ్లద్దాలావిడ నిద్రపోతోంది. మూటని రెండు చేతులా పట్టుకుని, దానిమీద చెంప ఆన్చి. ఎన్నాళ్లయిందో పాపం అలా పడుకుని.

పెద్ద లాడ్జీకి అందాల్సింది ఆ మూటే. మేనేజరు గుమ్మంలోనే ఉన్నాడు. మీ నాయనమ్మ ఇంజను ఆపింది. లేపనా అన్నాను. వేలు పెదాల మీద పెట్టుకుంది. వాడు గొడుగేసుకుని వచ్చి అద్దం మీద టకటకా కొట్టాడు. ఈవిడ ఒక్క చూపు చూసింది. అంతే, గొడుగు తిప్పుకుని లోపలికి పోయాడు! అయిపోయింది మన లాడ్జీ అనుకున్నా. ఆవిడ మాత్రం స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుంది. తొందరమ్మ ఆగిందే! నా కాపురంలో అదొక్కసారే చూశాను. ఎప్పటికో కళ్లద్దాలావిడ లేచి, కంగారుగా కళ్లద్దాలు తీసి ఆ దుప్పటి అంచుతోనే తుడుచుకుంది. మీ నాయనమ్మ ఆ మడత మళ్లీ సరిచేసి మూట తీసుకుంది. మూట తడిమి చూసి మేనేజరు తల ఊపాడు. పొడిగా ఉందిగా మరి, ఇంకా గోరువెచ్చగా కూడా ఉంది. వాడూ కాసేపు చేతుల్లోనే పట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక కళ్లద్దాలావిడ దిగలేదు. "ఏమీ అనుకోకండి. ఈ కారు అమ్మను" అంది. మీ నాయనమ్మ కొంగు దోపుకుని "పొద్దుటినుంచీ తిప్పించుకుని ఇప్పుడా చెప్పడం?" అని అందుకుంది. అప్పుడావిడ, తల వంచుకునే, "రేపు ఎన్నింటికి రమ్మంటారు?" అంది. ఏమందనుకున్నావు మీ నాయనమ్మ? "ఏడింటికి. లేటైతే ఊరుకోను."

అదే చెప్తున్నా, మేం ఆ కారు కొననే లేదు. మర్నాడు ఏడింటికి వచ్చింది, సీట్ల మీద కవర్లు లేవు. ఇక చాలా ఏళ్లు రోజూ మన గుమ్మం ముందే ఆగింది. ఆవిడ నడపడం, ఈవిడ పక్కన కూర్చుని తొందరపెట్టడం. మీ నాయనమ్మ పోయాక కూడా ఓ పొద్దున హారన్ వినిపించింది. వెళ్లి చూస్తే కళ్లద్దాలావిడే. దుప్పట్లేం లేవు. నేను వెనకే కూర్చున్నా. ముందు పక్క సీటు ఖాళీ. వాన లేదుగానీ అద్దాలన్నీ మూసే ఉన్నాయి. మెట్ట దాకా వెళ్లి, ఇంజను ఆపింది. కాసేపు అలా...

బయట హారన్ కొడుతున్నారు, నీ కారాయనేమో చూడు. వీధి చివరిదాకా కాదు, మీ ఆఫీసు దాకా అని చెప్పు. ఆయన్నీ ఎక్కించుకో. నా చెప్పులెక్కడ పెట్టావే?