ఒంటి బూటు

సైనికుల పింఛను ఆఫీసులో చంకకర్రలు గోడకి ఆనించి, అతను బల్ల మీద ఒక బూటు పెట్టాడు. ముసలి గుమాస్తా కళ్లజోడు సవరించుకున్నాడు.

“సైన్యం వదిలేటప్పుడు బూట్లు జతగా అప్పజెప్పాలి నాయనా. లేకపోతే పరిహారంలో జత ఖరీదు కోసేస్తారు.”

“ఎడమది కాలితోపాటే పోయింది సార్. మందుపాతర.”

“నాకు కనపడుతూనే ఉంది. ఫారానికి కనపడదే.”

“పోనీ, కాలు పోయిందని రాయండి.”

“కాలికి వేరే ఆఫీసు. ఇక్కడ బూట్లే.”

అతనికి నవ్వొచ్చింది. “ఆస్పత్రిలో నా పక్క మంచం వాడికి కుడికాలు పోయింది సార్. వాడి దగ్గర ఎడమ బూటుంది. బయటే కూర్చున్నాడు.”

“ఆ బూటు పట్టుకురా మరి.”

“వాడిది తొమ్మిదో నంబరు. నాది ఏడు.”

“ఫారంలో నంబరుకి గడి లేదులే.”

బూటు వచ్చింది. గుమాస్తా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుని, ‘ఒక జత ముట్టినది’ అని ముద్ర వేశాడు.

“మరి వాడికో సార్?”

“వాడికీ ఇదే జత.” రెండో కాగితం మీదా ముద్ర పడింది.

“ఇక వీటిని గిడ్డంగికి పంపేస్తారా?”

“పంపేస్తే ఎలా?” గుమాస్తా బూట్లను దించి బల్ల కింద భద్రంగా పెట్టుకున్నాడు. “వరండాలో ఇంకా పదకొండుమంది ఒంటి బూటుతో కూర్చునున్నారు.”