తడి గిటారు

సీల్ బీచ్ పోలీసు స్టేషను. 1962 నవంబరు 13, మంగళవారం, ఉదయం 10 గంటల 20 నిమిషాలు. సార్జెంటు పర్విస్ ఎదుట చెప్పగా, చెప్పింది చెప్పినట్టు టైపు చేసినది.

నా పేరు ఎడ్నా హోల్‌గ్రెన్. వయసు 61. భర్త లేడు. మెయిన్ వీధిలో ఉన్న హోల్‌గ్రెన్ లాండ్రీ నాది, ముప్ఫై నాలుగేళ్ళుగా నేనే నడుపుతున్నాను. నిన్న సాయంత్రం 4 గంటలకు ఇదే బల్ల దగ్గర నేనిచ్చిన ఫిర్యాదు మీద రూడీ ఎస్కమీయా అనే పందొమ్మిదేళ్ళవాణ్ణి మీరు పట్టుకొచ్చారు. ఇవాళ నన్ను మళ్ళీ రమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు. అదీ నాకు అనుమానంగానే ఉంది.

ముందే చెబుతున్నాను, ఒకరి మీద ఊరికే నింద వేసే మనిషిని కాను. ముప్ఫై నాలుగేళ్ళు ఈ ఊరి మురికి ఉతికాను. ఎవరి జేబులో ఏముంటుందో, ఎవరి కాలరుకి ఏ రంగు అంటుతుందో నాకు తెలుసు. ఏనాడూ నోరు విప్పలేదు. కళ్ళు మాత్రం మూసుకోమంటే నా వల్ల కాదు.

లాండ్రీ వెనక గది ఖాళీగా ఉంటే మా అల్లుడు గోర్డన్ అందులో పాటలు రికార్డు చేసే యంత్రాలు పెట్టుకున్నాడు. ఈ నెల 5న, సోమవారం, కెల్ప్ కింగ్స్ అని నలుగురు పిల్లలు వచ్చి పడ్డారు. వీళ్ళు నోటితో పాడరు. గిటార్లు, డ్రమ్ములు, అంతే. సముద్రంలో చెక్కపలకల మీద అలలెక్కే కుర్రకారు డాన్సులాడితే వీళ్ళు వాయిస్తారు. పన్నెండు బాణీలతో పెద్ద రికార్డు వేస్తామని హాలీవుడ్ కంపెనీ ఒకటి ఒప్పుకుంది. టేపు బుధవారానికి, అంటే రేపటికి, అందాలి.

నాయకుడు స్కిప్ లారబీ. తన జుట్టు ఎండకి బంగారు రంగుకి తిరిగిందంటాడు. ఎండకి కాదు, నా బ్లీచింగ్ సీసాలో రెండు వేళ్ళ మందం తగ్గింది. అది నేను నిన్న చెప్పలేదు, ఇవాళ రాసుకోండి. అసలు గిటారు వాయించేది రూడీ. వాడు సాంటా ఆనా నుంచి బస్సులో వస్తాడు. ఎక్కువ మాట్లాడడు. తలుపు దగ్గర కాళ్ళు తుడుచుకుని మరీ లోపలికి వస్తాడు. అంత మర్యాద ఎందుకా అని నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది.

రెండు గదులకీ మధ్య ఉన్నది పల్చటి గోడ. వాళ్ళ మాటలన్నీ వినపడతాయి. రోజంతా ఒకటే గోల.

"ఇంకా తడి కావాలి గోర్డన్!"

"ఇప్పటికే కారుతోందిరా బాబూ!"

"కారనీ! పొడిగా ఉంటే ఎవడు వింటాడు?"

కరెంటు గిటారుకి తడేమిటండీ? లోపల నీళ్ళు పోస్తున్నారనుకున్నాను. రెండుసార్లు గుడ్డ పట్టుకుని వెళ్ళి నేల తడిమి చూశాను. చుక్క లేదు. నేను వస్తున్నానని తెలిసి తుడిచేశారనుకున్నాను.

8వ తేదీ గురువారం ఉదయం 11.30కి వెనక గదిలో పిడుగు పడ్డట్టు మోత. నా బాయిలరే పేలిందని పరిగెత్తాను. చూస్తే ఈ రూడీ, సూట్‌కేసంత చెక్కపెట్టెని బూటుకాలితో తంతున్నాడు. లోపల స్ప్రింగులు ఉంటాయట. మా గోర్డన్ వద్దనకపోగా గంతులేస్తున్నాడు. "అబ్బ, అదిరా అల! మళ్ళీ తన్ను!" అంటాడు. యంత్రాన్ని తన్నేవాడు రేపు దేన్నైనా తంతాడని నేను నిన్న మీకు చెప్పాను. చెప్పిన మాట వాస్తవం.

9వ తేదీ శుక్రవారం మధ్యాహ్నం 2 గంటలకు గొడవైంది. రికార్డు అట్ట మీద వేసే ఫోటో శనివారం పొద్దున ఇసుకలో తీయాలి. దానికోసం నలుగురివీ నీలం గళ్ళ ఉన్ని చొక్కాలు నాకే ఇచ్చారు. నేనే ఇస్త్రీ చేశాను. అప్పుడు స్కిప్ అన్నాడు, ఫోటోలో రూడీ బదులు తన పెదనాన్న కొడుకు నిలబడతాడని. కంపెనీవాళ్ళు అలా అడిగారట, అలలెక్కే పిల్లాడిలా కనపడాలట. నేను ఇస్త్రీపెట్టె ఆపి విన్నాను.

రూడీ అన్నాడు, "నా వేళ్ళు కావాలి గానీ నా మొహం అక్కర్లేదా?"

స్కిప్ అన్నాడు, "నీకు ఈతే రాదు కదరా."

"మరి మీ అన్నకి గిటారు వచ్చా?"

అంత మాటా అని రూడీ వెళ్ళిపోలేదు. కూర్చుని మిగిలిన మూడు బాణీలూ వాయించాడు. అంత కోపంలో అంత బుద్ధిగా వాయించేవాడు మనసులో ఏదో పెట్టుకున్నాడనే అనుకున్నాను.

10వ తేదీ శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి పని ముగిసింది. 1.30కి రూడీ వీధి తలుపులోంచి పోవడం చూశాను. జాకెట్టు కింద చదునైన డబ్బా ఒకటి ఉంది. నిన్న సోమవారం పొద్దున గోర్డన్ బీరువా తెరిస్తే టేపు లేదు. గది తలకిందులు చేశాడు. నన్నడిగాడు, "అత్తయ్యా, మీరు టేపు చూశారా?" చూడలేదన్నాను. నేను చూడలేదు. పట్టపగలు రూడీ పట్టుకుపోతుంటే చూశాను కదా అని గోర్డన్ వద్దంటున్నా ఇక్కడికి వచ్చాను.

పదహారేళ్ళప్పుడు ఎవరిదో కారు అడక్కుండా నడిపాడని వాడి మీద పాత కేసు ఉందని మీరే చెప్పారు. ఇంకో ఫిర్యాదు నిలబడితే గురువారం జడ్జి వాణ్ణి కొండల్లోని శిక్షా శిబిరానికి పంపిస్తాడనీ మీరే చెప్పారు. విన్నాను. విని సంతకం పెట్టాను.

ఇందాక లోపలికి వస్తుంటే నడవాలో వాడు ఎదురయ్యాడు. పక్కన పోలీసు ఉన్నాడు. ఆగి అన్నాడు, "మిసెస్ హోల్‌గ్రెన్, ఇస్త్రీ బాగా చేశారండీ. ఒక్క ముడత లేదు." వెటకారమనుకున్నాను. చూశారా వీడి పొగరు అనుకున్నాను.

ఇప్పుడు 10.45. సార్జెంటు గారు బల్ల మీద రెండు డబ్బాలు పెట్టారు. ఒకటి రూడీ ఇంట్లో దొరికింది. అది నా లాండ్రీ డబ్బానే. మీద నా పేరే ఉంది. లోపల నీలం గళ్ళ చొక్కా, నేను పెట్టిన మడత పెట్టినట్టే ఉంది. నా కౌంటరులో కూర్చునే పిల్లే ఇచ్చిందట. శనివారం వాడు జాకెట్టు కింద దాచుకుపోయింది తన చొక్కానే. ఆ ఫోటోకి వేసుకోవాల్సింది.

రెండో డబ్బా గోర్డన్ ఇచ్చాడట. పోయినది ఎలా ఉంటుందో పోల్చుకోవడానికి. దాని మీద ఎర్ర పెన్సిలుతో "పొడి" అని రాసి ఉంది. పొడి అంటే ఏమిటని నేనడిగాను. సార్జెంటు గారు కాగితం చూసి చెప్పారు: గిటారు మోతని ఆ స్ప్రింగుల పెట్టెలోంచి పంపితే నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు వస్తుందట. దాన్ని ఈ పిల్లలు తడి అంటారట. పంపకపోతే పొడి. మొదట వాయించి పక్కన పడేసిన టేపు పొడిది. అసలు టేపు ఉన్న డబ్బా మీద, ఇదే ఎర్ర పెన్సిలుతో, "తడి" అని ఉంటుందట.

మంచినీళ్ళు అడిగాను. ఇచ్చారు.

సార్జెంటు గారూ, మా లాండ్రీలో ఒక పద్ధతి ఉంది. తడిసి వచ్చిన మూట మీద సుద్దతో తడి అని రాస్తాం. ఆ మాట కనపడితే ఇంకేం చూడకూడదు, అడగకూడదు. వెంటనే వేడి గదిలో పెట్టాలి, లేకపోతే సోమవారానికి బూజు పడుతుంది. ఆ పద్ధతి పెట్టింది నేనే. చూసీ చూడనట్టున్న ఆడపిల్లల్ని తిట్టిందీ నేనే.

శనివారం 1.10కి మధ్య తలుపు పక్కన, బట్టలు మడిచే బల్ల మీద చదునైన అట్టడబ్బా ఒకటి ఉంది. ఎర్రగా తడి అని ఉంది. గోర్డన్ పొట్లం కట్టడానికి అక్కడ పెట్టి ఫోనుకి పోయి ఉంటాడు, తర్వాత బీరువాలో పెట్టేశాననుకుని ఉంటాడు. నేను ఎవరిదో బల్లగుడ్డ అనుకున్నాను. మూత కూడా తీయలేదు. తీసుకెళ్ళి వేడి గదిలో, బాయిలరు పక్కన పై అరలో పెట్టాను. ఆ తర్వాత దాని సంగతే తలవలేదు. టేపు చూశారా అంటే చూడలేదన్నాను. నేను చూసింది తడి డబ్బా కదా.

10.55కి పోలీసుని పంపారు. 11.15కి తెచ్చాడు. మూత తీశారు. టేపు చుట్ట ఎండిన అరటితొక్కలా ముడుచుకుపోయి ఉంది. పట్టుకుంటే తునిగింది. పన్నెండు బాణీలు, ఆరు రోజులు. అయ్యో, నా చేతులు విరగ! నా చేతులారా ఆరబెట్టాను.

ఇంకోటి ఉంది, అదీ రాయండి. నిన్న నేను "టేపు డబ్బా పట్టుకుపోవడం చూశాను" అన్నాను. మీరు "కచ్చితంగా టేపేనా?" అని రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ అవునన్నాను. నేను చూసింది డబ్బా. టేపు అన్నది నేను చేర్చిన మాట. స్కిప్ చేతిలో అదే డబ్బా చూసుంటే ఆ మాట చేర్చేదాన్ని కాదు. నా బ్లీచింగ్ పోయినప్పుడు వాడి మీద ఫిర్యాదు ఇచ్చానా? లేదు. పిల్లాడు కదా పోనీలే అనుకున్నాను.

రూడీని వదలండి. గురువారం జడ్జి దగ్గరికి వాడితో పాటు నేనూ వస్తాను, ఇదే చెబుతాను. రేపటిలోగా ఆ పన్నెండూ మళ్ళీ వాయించగలవాడు వాడొక్కడేనని గోర్డన్ అన్నాడట. వాయిస్తాడో లేదో వాడి ఇష్టం. అడిగే మొహం నాకు లేదు. ఆ చొక్కా డబ్బా మాత్రం వాడి చేతికే ఇవ్వండి, నలగనివ్వకండి. ఇందాక నడవాలో వాడన్నది వెటకారం కాదు. బాగుందనే అన్నాడు. వాణ్ణి కొండలకి పంపే సంతకం పెట్టిన నాతో, ఇస్త్రీ బాగుందని చెప్పాడు.

పైన ఉన్నదంతా నా నోటితో చెప్పిందే. చదివి వినిపించారు, విన్నాను. ఇందులో అబద్ధం లేదు. నిన్నటి దాంట్లో ఉంది, ఒక మాట. దాన్ని నా ఎదుటే కొట్టేశారు, కొట్టేసిన చోట కూడా సంతకం పెట్టాను.

(సంతకం) ఎడ్నా హోల్‌గ్రెన్
ఉదయం 11 గంటల 40 నిమిషాలు