సబూగు కాలికి జిగురు పూసిందెవరు

"సబూగుని కనిపెట్టింది నేనే. ఇందులో కోతలేమీ లేవు, కావాలంటే వెళ్ళి నదిని అడగండి," అని మొదలెట్టాడు ఒనోఫ్రి, తన పాత తోలుబంతిని ఒళ్ళో పెట్టుకుని.

శనివారం పొద్దున్న. నా బారు వెనక వంటింట్లో నల్ల బీన్సూ పందిచెవులూ ఉడుకుతున్నాయి. మర్నాడు సబూగు ఊరికొస్తున్నాడు. చిన్నప్పుడు గింజలు ఒలిచేసిన మొక్కజొన్న కండెలా ఉండేవాడని మా పాసో రాసో ఊరు పెట్టిన పేరది, ప్రపంచకప్పు గెలిచాక కూడా వాడిని వదల్లేదు. ఊరి మైదానానికి వాడి పేరు పెడుతున్నాం. వాడు వచ్చి మొదటి తాపు తన్నాలి, దానికి ముందు ఎవరో ఒకరు వాడి పక్కన నిలబడి బంతిని మైదానం నడిమధ్య పెట్టాలి. కమిటీకి కార్యదర్శిని నేను. పన్నెండు గంటలకల్లా ఆ మనిషి పేరు చీటీ మీద రాసి, మైకులో చదివే అతనికి ఇవ్వాలి.

ఆ పేరు తనదే కావాలని ఒనోఫ్రి ఆశ. అరవై దాటిన మనిషికి అలాంటి ఆశ పట్టుకుంటే తిండి సహించదు, నాలుగు రోజులుగా నా బారులో ముద్ద ముట్టలేదాయన. పైగా రాజధాని నుంచి రావలసిన కొత్త బంతి రాలేదు, ఊళ్ళో సరైన తోలుబంతి ఆయన ఒళ్ళోదే. మా వైపు ఆటకి ఉన్న చట్టం ఒక్కటే. బంతి ఎవరిదో వాడు జట్టులో ఉండాల్సిందే, వాడికి కోపమొస్తే బంతి చంకన పెట్టుకుని ఇంటికి పోవచ్చు.

వినేవాళ్ళం ముగ్గురం. నేను, ఈ ఊరికి అల్లుడిగా వచ్చి సెలూన్ పెట్టుకున్న ఎవరిస్తు, మూల బల్ల దగ్గర దోన జుల్మీర. ఊరి జట్టు బట్టలు నలభై ఏళ్ళుగా ఉతికింది ఆవిడే. రేపటి చొక్కాలకి నంబర్లు కుడుతోంది.

"వాడికప్పుడు తొమ్మిదేళ్ళు," అన్నాడు ఒనోఫ్రి. "నది ఒడ్డున పచ్చి జామకాయని తన్నుకుంటూ పోతున్నాడు. నేను ఆపి, ఒరే అబ్బాయ్, దేవుడు ఎడంకాలు కూడా ఇచ్చాడు కదా, దాంతోనూ తన్ను అన్నాను. అంతే. అంతకంటే ఎక్కువ చేశానని నేనననుగా."

"అనవులే అన్నా, అక్కడితో ఆపేస్తావు," అన్నాడు ఎవరిస్తు.

"ఎలా ఆపుతానయ్యా, వాడు నా మాట విన్నాడు మరి. విన్నవాణ్ణి వదిలేస్తామా? మర్నాడు వాడి కుడికాలికి తాడు కట్టి, రెండో కొస మా మేక మెడకి కట్టాను. కుడికాలు ఎత్తాడో మేక లాగుతుంది, ఇంక ఎడంకాలే దిక్కు. వారం తిరిగేసరికి వాడికి ఎడంకాలు వచ్చేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేకకీ వచ్చేసింది. రెండు ఆదివారాలు దాన్ని కుడి అంచున ఆడించాం, ఏడో నంబరు, మనిషిని చూసి బంతి అందించేది, మూల జెండా తినేసిందని రిఫరీ బయటికి పంపాడు గానీ లేకపోతే దాని దారి వేరు."

"నేను మేక చొక్కా ఉతికినట్టు గుర్తులేదే," అంది దోన జుల్మీర తలెత్తకుండా.

"అది కింద పడి ఆడే రకం కాదు దోన జుల్మీరా, మాసేదెక్కడ? సరే, అసలు సంగతికి వస్తున్నాను. సబూగు కాలికి బంతి అతుక్కుంటుందని లోకమంతా అంటుంది కదా, రేడియోలో చెప్పారు, పేపర్లో రాశారు. ఆ అతుక్కోడం ఎక్కణ్ణుంచి వచ్చిందని ఒక్కడైనా అడిగాడా? మా పెరట్లో పనసచెట్టుంది. ఆ పనస జిగురు వాడి పాదానికి రాశాను, చిటికెడు, ఒక్కసారే. ఆ రోజు నుంచి బంతి వాడి కాలిని వదిలితే ఒట్టు. స్నానం చేసినా వదల్లేదు, నిద్దరోయినా వదల్లేదు, పెళ్ళిలో ఫాదర్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నా వదల్లేదు. పెళ్ళికూతురు జరిగి కూర్చోవాల్సొచ్చింది పాపం."

"మరి గోలు కొట్టేటప్పుడు ఎలా వదిలేది?" అన్నాన్నేను.

"నేను వదలమని సైగ చేసేవాణ్ణి. నువ్వు అడ్డురాకురా ఒడైరూ, నీ సంగతీ ఉంది ఇందులో. వాడికి పన్నెండేళ్ళప్పుడు అవతలి ఒడ్డు జట్టుతో ఆదివారం ఆట. గోలు ముందు ఆరుగురు గోడ కట్టారు. నేను వాడి చెవిలో, గోడ మీంచి వద్దు, పక్కనుంచి వద్దు, చర్చి చుట్టూ తిప్పి కొట్టు అన్నాను. కొట్టాడు. బంతి మైదానం దాటి, చర్చి గోపురం చుట్టూ తిరిగి, పోతూపోతూ గంటని తాకింది. పన్నెండు సార్లు తాకింది, లెక్కపెట్టాను. ఫాదర్ నిద్దర్లోంచి లేచి పూజకి వేళయిందనుకుని గబగబా వచ్చేశాడు, గడప దగ్గర ఎండకి నిలబడ్డ ఒక కుర్రాణ్ణీ, పళ్ళెంలో మాంసం పేస్ట్రీలు అమ్ముకుంటున్న ఒక పిల్లనీ చూసి, ఆలస్యం చేశారేం అని కేకలేసి పెళ్ళి చేసేశాడు. వాళ్ళెవరో తెలుసా? మీ అమ్మా నాన్నా."

"అయితే నేను పుట్టడానికి కూడా కారణం నువ్వేనన్నమాట బాబాయ్."

"కారణం సబూగు. నేను మాట సాయం చేశానంతే."

"ఆ బంతి ఏమైంది?" అన్నాడు ఎవరిస్తు. తను నవ్వు ఆపుకోడానికి గ్లాసులోకి చూస్తున్నాడు.

"అడిగావు, మంచిది. గంట తాకిడికి దిశ మారి నది దాటింది. అవతలి ఒడ్డున రాజధాని రైలు పోతోంది, కిటికీలోంచి లోపలికి దూరింది. మంగళవారం రాజధాని చేరింది. అక్కడ స్టేషన్లో పెద్ద క్లబ్బు మేనేజరు దాన్ని చేత్తో పట్టుకుని చూసి, ఇంకా వేడిగా ఉందే, దీన్ని తన్నినవాడు ఎక్కడున్నాడో పట్టుకోండి అని మనుషుల్ని పంపాడు. వాళ్ళు గురువారం అదే రైల్లో బంతి పట్టుకుని వచ్చారు, వంతెన మీద చెయ్యి జారింది, బంతి దొర్లుకుంటూ వచ్చి గోల్లో పడింది. రిఫరీ ఈల ఊదాడు. ఆట ఇంకా ఆపలేదు కదా, గోలే మరి."

"ఆదివారం నుంచి గురువారం దాకా రిఫరీ అక్కడే నిలబడ్డాడా?"

"మరి నియమం అంటే నియమమే ఎవరిస్తూ. మధ్యలో రెండుసార్లు గడ్డం గీయించుకున్నాడు, అప్పటికి నువ్వు ఊళ్ళో లేవు. సరే, క్లబ్బువాళ్ళు రమ్మన్నారు. ఒనోఫ్రి లేకపోతే నేను రానని వాడు గడప పట్టుకు వేలాడాడు. నేనే వెళ్ళమన్నాను, పో నాయనా, ఈ ఊళ్ళో నీకు సరిపోయే మైదానం లేదు, కొట్టిన ప్రతిసారీ ఎవరికో ఒకరికి పెళ్ళయిపోతోంది అన్నాను. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను, దాస్తే ఎలా? ఆ ఏడు నది పొంగింది గుర్తుందా?"

"వానలకి పొంగింది," అంది దోన జుల్మీర.

"వానలు కూడా పడ్డాయి, కాదనను. ఇంక ప్రపంచకప్పు ఫైనలు సంగతి చెప్పి ఆపేస్తాను, ఒడైరు చీటీ రాసుకోవాలి. ఐరోపాలో చలిదేశం, ఆఖరి నిమిషం, మనకి పెనాల్టీ. వాడు బంతి పెట్టి ఊరికే నిలబడ్డాడు. రేడియోలో చెప్పేవాడికి అర్థం కాలేదు, ఎందుకు ఆగాడు, ఎందుకు ఆగాడు అని గొంతు చించుకుంటున్నాడు. నాకు తెలుసు ఎందుకు ఆగాడో. ఇదే బారు, ఇదే కుర్చీ. రేడియోకి నోరు ఆనించి, ఎడంపక్కకిరా సబూగూ అని అరిచాను. రేడియోలోంచి మాట ఇటు వచ్చినప్పుడు అటు పోదా? పోయింది. వాడు తలూపాడు, తన్నాడు. బంతి ఎంత జోరుగా వెళ్ళిందంటే దాని నీడ వెనకబడిపోయింది. గోల్‌కీపరు పాపం నీడ మీదకి దూకి దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు, ఆపేశాను ఆపేశాను అని గంతులేశాడు, ఇటు చూస్తే బంతి వల చింపుకుని రాజుగారి ఒళ్ళో ఉంది. ఆయన కిరీటం తీసి దాని పక్కన పెట్టి, ఏది నాదో నాకే తెలియడం లేదు అన్నాడట. ఆఖరికి ఆట మానేసే ముందు కూడా సబూగు ఈ బారుకే కబురు పెట్టాడు, మానెయ్యనా అని. మానెయ్యి నాయనా, మిగతావాళ్ళకీ నాలుగు గోల్సుండాలి కదా అన్నాను. మానేశాడు. ఇదీ వాడి జీవితం, మొదటి జామకాయ నుంచి ఆఖరి తాపు దాకా. ఇంక రాయి ఒడైరూ. ఒనోఫ్రి, ఒక్క మాట చాలు, ఇంటిపేరు అక్కర్లేదు."

నిజం చెప్పాలంటే నేను కలం తీశాను. మనిషి మీద జాలేసింది, పైగా బంతి ఆయనది.

దోన జుల్మీర దారం కొరికి, సూది చొక్కాకి గుచ్చి, మొదటిసారి తలెత్తింది.

"ఒనోఫ్రీ, ఆ రోజు నువ్వు ఏ స్థానంలో ఆడావో చెప్పలేదు."

"ఏ రోజు?"

"వాడు మొట్టమొదట పెద్దవాళ్ళతో ఆడిన రోజు. నీకు రెండు కాళ్ళూ రావు, బంతి నీది కాబట్టి నిన్ను గోల్లో నిలబెట్టారు. అవతలివైపు ఒక మనిషి తక్కువైతే ఒడ్డున నా పక్కన కూర్చున్న ఆ పిల్లాణ్ణి పిలిచారు. నీ కాళ్ళ మధ్యనుంచి ఒకసారి పోనిచ్చాడు, రెండోసారి పోనిచ్చాడు. మూడోసారి నువ్వు కూర్చుండిపోయావు, అయినా పోయింది. నువ్వు లేచి బంతి చంకన పెట్టుకుని ఇంటికెళ్ళిపోయావు. ముప్పై ఏళ్ళు దాటినవాడివి. ఆ చలికాలమంతా బంతి బయటికి తియ్యలేదు."

ఒనోఫ్రి బంతి కుట్లు వేలితో రుద్దుతున్నాడు.

"వాడు నేను బట్టలు ఉతికే బండ దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. జట్టువాళ్ళ చిరిగిన మేజోళ్ళు కుక్కి, మూట కట్టి ఇచ్చాను. మేజోళ్ళ బంతి ఎగరదు, దొర్లదు. దూరంగా తన్నితే అక్కడే చచ్చినట్టు పడుంటుంది. కాలి దగ్గరే పెట్టుకుని తిరగాలి. వాడు అలాగే తిరిగాడు, చలికాలం పొడుగునా. నీ పనస జిగురు అదీ."

బీన్సు కుండ మూత టకటకమంటోంది. నేను చీటీ మీద దోన జుల్మీర అని రాశాను, అందరికీ కనపడేలాగే రాశాను.

ఒనోఫ్రి చదివాడు. మొహం ఎర్రబడింది. నెమ్మదిగా లేచి, బంతి చంకన పెట్టుకుని గుమ్మంకేసి నడిచాడు. రేపు సబూగు వచ్చి ఏం తన్నుతాడు? ఎవరిస్తు అడ్డంపడబోయాడు.

"పోనివ్వండి," అంది దోన జుల్మీర, మళ్ళీ సూదిలోకి దారం ఎక్కిస్తూ. "చిరిగిన మేజోళ్ళు నా దగ్గర ఇంకా బోలెడున్నాయి."

ఒనోఫ్రి గుమ్మంలో ఆగిపోయాడు. మాకు వీపే కనపడుతోంది. అలా ఎంతసేపో నిలబడి, వెనక్కొచ్చి, బంతిని ఆవిడ బల్ల మీద చొక్కాల పక్కన పెట్టాడు.

"గాలి తగ్గింది, ఎక్కించుకొద్దామని లేచాను. అంతలోనే ఏదో అనేసుకోడమేనా?"

ఎవరూ నవ్వలేదు. దోన జుల్మీర ఎదుటి కుర్చీని కాలితో ఆయన వైపు తోసింది. నేను పళ్ళెం నిండా బీన్సు వడ్డించి ముందు పెట్టాను. నాలుగు రోజుల ఆకలి, సగం పళ్ళెం దాకా తలెత్తలేదు. తర్వాత చెంచా ఆపి, గొంతు తగ్గించి అన్నాడు.

"అయినా ఒక్కటి ఆలోచించండి. ఆవేళ నేను బంతి ఇంటికి పట్టుకుపోకపోతే వాడికి మేజోళ్ళ బంతి ఎక్కడిది?"

దోన జుల్మీర చొక్కా మడత పెట్టి, బంతిని తన వైపు లాక్కుంది.

"రేపు నా పక్కన నిలబడు," అంది. "ముప్పై ఏళ్ళకి ఒక్క నిజం చెప్పావు."