వద్దనేవాళ్ళు కావలెను

ఒకప్పుడు ఆ పరిశోధనశాలలోనే టమాటా విత్తనంలో జన్యువులు మార్చి, ఇప్పుడు ఆ విత్తనమే వద్దంటూ ఊరూరా తిరుగుతున్న శాస్త్రవేత్తను అక్కడి డైరెక్టరు తన గదికి పిలిపించాడు. ఒకనాడు ఆమెకు పాఠం చెప్పిందీ ఆయనే.

“రామ్మా, కూర్చో. గేటు బయట అరిచి అరిచి గొంతు పోయినట్టుందే. టీ తాగు.”

“విషయం చెప్పండి సార్.”

“రేపు మన టమాటాకి అనుమతిచ్చే సమావేశం. నువ్వొచ్చి వద్దని మాట్లాడాలి.”

“నేనా? నిన్నటిదాకా నన్ను గేటు కూడా దాటనివ్వలేదుగా!”

“నిబంధనమ్మా. వద్దనే శాస్త్రవేత్త ఒక్కరైనా మాట్లాడాకే మేం ఔననాలి. మిగతావాళ్ళంతా మా జీతగాళ్ళే.”

“ఆ టమాటా తిన్న ఎలుకల కాలేయాలు వాచిన సంగతి చెబితే ఆపుతారా?”

“ఆపడమేంటి? విత్తనాల సంచులు కూడా అచ్చయిపోయాయి. నువ్వు నోరారా తిట్టు, మేం తలలూపుతూ వింటాం.”

“నేను రాకపోతే?”

“అంత మాటనకు. సమావేశమే చెల్లదు.”

“అలాగా! అయితే నాకు ఏ అభ్యంతరమూ లేదు సార్. వెళ్ళొస్తా.”

“ఆగమ్మా, ఆగు! నీచేత పీహెచ్‌డీ చేయించినవాణ్ణి. ఆ విశ్వాసంతోనైనా ఒక్కసారి వద్దని చెప్పి పోమ్మా!”